వన్స్ మోర్ అంటే వినపడని గాయకులు

లండన్ తూర్పున, స్ట్రాట్‌ఫర్డ్‌కి ఒక్క స్టేషను అవతల, పుడ్డింగ్ మిల్ లేన్ అని చిన్న రైల్వే స్టేషనుంది. తెలుగు పిల్లలు చాలామంది అద్దెకుండే ఈస్ట్‌హామ్‌కి అదేమంత దూరం కాదు. సాయంత్రం అక్కడ రైలు ఆగిందంటే తళుకుల చొక్కాలు, బెల్‌బాటమ్ ప్యాంట్లు, వెండిరంగు బూట్లు తొడుక్కున్న జనం బిలబిలమంటూ దిగుతారు. అరవై దాటిన అమ్మమ్మలుంటారు, వాళ్ల వెనకే మనవరాళ్లుంటారు. అందరూ నడిచేది అబ్బా అరీనాకే. మూడు వేలమంది పట్టే ఆ హాలుని ఒకే ఒక్క ఆట కోసం కట్టారు. ఆట పేరు ‘అబ్బా వోయేజ్’. 2022 మే 27న మొదలైంది.

దీపాలు ఆరతాయి. ‘ది విజిటర్స్’ పాట ఎత్తుకుంటారు. వేదిక మీద నలుగురు ప్రత్యక్షమవుతారు: అగ్నెథా, ఫ్రీడా, బ్యోర్న్, బెన్నీ. తల తిప్పితే జుట్టు కదులుతుంది, దీపం పడినచోట బట్టల మీది చెమ్కీ మెరుస్తుంది. హాలు హాలంతా అరుస్తుంది.

ఆ నలుగురిలో ఒక్కరూ అక్కడ లేరు. ఆట మొదలైన రోజుకి బ్యోర్న్‌కి 77 ఏళ్లు, ఫ్రీడాకి 76, బెన్నీకి 75, అగ్నెథాకి 72. వేదిక మీద కనిపించేది 1979 నాటి వాళ్ల రూపం. స్వీడన్‌కి చెందిన ఈ బృందం 1974లో ‘వాటర్లూ’ పాటతో యూరోవిజన్ పోటీ గెలిచి ప్రపంచానికి పరిచయమైంది, 1982 తర్వాత ఎవరి దారిన వారు వెళ్లిపోయారు. వంద కచేరీలు చేస్తే వంద కోట్ల డాలర్లు ఇస్తామని 2000లో ఎవరో అడిగినా వద్దన్నారు. అలాంటివాళ్లు తాము ఇంట్లో కూర్చుని తమ బొమ్మల్ని వేదికెక్కించారు. వాటిని ‘అబ్బటార్లు’ అంటారు. అవతారం అన్న మన మాటే సముద్రాలు దాటి, తోక మార్చుకుని, ఇలా తిరిగొచ్చింది. ఒక తేడా మాత్రం ఉంది. మన పురాణాల్లో అవతారం ఎత్తినవాడికి ఆకలీ ఏడుపూ తప్పవు. వీటికి ఆ బాధ లేదు.

చూసొచ్చినవాళ్ల మాటలో రెండు గొంతులు వినిపిస్తాయి. మొదటి పాటకే కళ్లు తడిశాయంటారు. అంతలోనే, ఇంతకీ నేను చప్పట్లు కొట్టింది ఎవరికి అని తమని తామే అడుగుతారు. డబ్బు దండగ అనేవాళ్లు తక్కువే. మనసుకేదో తక్కువైందనేవాళ్లు మాత్రం ఉన్నారు. ఆ తక్కువైనదేమిటో పట్టుకోవాలంటే ఈ గారడీ ఎలా పనిచేస్తుందో ముందు చూడాలి.

అందరూ దీన్ని హోలోగ్రామ్ అంటారు. కాదు. అసలు హోలోగ్రామ్ డెన్నిస్ గాబర్ 1947లో కనిపెట్టింది. దానికి ఆయనకు 1971లో నోబెల్ వచ్చింది. ఒక వస్తువు మీంచి వచ్చే కాంతినీ, దానికి జోడీగా నేరుగా వచ్చే కాంతినీ ఢీకొట్టించి, ఆ అలల కలయికను ఫలకం మీద అచ్చు వేయడం ఆ పద్ధతి. ఆ పద్ధతిలో మనిషంత ఎత్తున పాడుతూ ఆడే బొమ్మను వేలమంది ముందు నిలబెట్టడం ఇంకా ఎవరి చేతా కాలేదు. ఇన్నాళ్లూ వేదికల మీద మనకు హోలోగ్రామ్ పేరుతో చూపించింది అంతకంటే చాలా పాత చిట్కా.

1862 క్రిస్మస్ ముందురోజు రాత్రి లండన్‌లోని రాయల్ పాలిటెక్నిక్‌లో జాన్ హెన్రీ పెప్పర్ వేదిక మీద దెయ్యాన్ని చూపించాడు. ప్రేక్షకులకు కనపడకుండా పెద్ద గాజు పలకను వాలుగా నిలబెట్టి, వేదిక ముందు గోతిలో నటుణ్ణి దాచి, అతని మీద జోరుగా దీపం వేస్తే అతని నీడలాంటి ప్రతిబింబం గాజులో పడుతుంది. గాజు వెనకున్న అసలు నటుడి పక్కనే ఆ ప్రతిబింబం నిలబడినట్టుంటుంది. రాత్రి బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే మన మొహం బయట పొలాల్లో తేలుతూ మనతోపాటే వస్తుంది కదా, అదే ఇది. 1996లో చనిపోయిన ర్యాప్ గాయకుడు టూపాక్ 2012లో కోచెల్లా వేదికెక్కింది ఈ చిట్కాతోనే. గాజు బదులు పల్చటి పారదర్శక పొర వాడారంతే. అదే ఏడాది గుజరాత్ ఎన్నికల్లో నరేంద్ర మోదీ ఒకేసారి పలు ఊళ్లలో ప్రసంగించిన ‘త్రీడీ సభలు’ కూడా ఆ కుటుంబంలోనివే.

అబ్బా వాళ్లు ఈ దారి పట్టలేదు. వాళ్ల వేదిక వెనక ఉన్నది ఆరున్నర కోట్ల పిక్సెళ్ల ఎల్‌ఈడీ తెర. అంటే బొమ్మ బల్లపరుపుగా ఉంది, లోతు లేదు. మరి లోతు ఎలా కనిపిస్తోంది?

మన రెండు కళ్లకీ మధ్య ఆరు సెంటీమీటర్ల పైచిలుకు ఎడం ఉంటుంది. అందుకని ఒకే వస్తువు రెండు కళ్లకీ కొద్ది తేడాతో కనిపిస్తుంది, ఆ తేడాను బట్టి మెదడు లోతు లెక్క కడుతుంది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఇది ప్రాణం. కానీ దూరం రెట్టింపైతే ఆ తేడా నాలుగో వంతుకి పడిపోతుంది. హాల్లో ఇరవై ముప్ఫై మీటర్ల దూరాన కూర్చున్నవాడికి రెండు కళ్ల సాక్ష్యం చాలా బలహీనం. అప్పుడు మెదడు వేరే సాక్షుల్ని పిలుస్తుంది: ఎవరు ఎవరికి అడ్డొస్తున్నారు, నీడ ఎటు పడుతోంది, దీపం ఎటు నుంచి వస్తోంది? ఈ సాక్షులందర్నీ ముందే మాట్లాడి పెట్టుకోవడమే ఈ ఆటలోని గడుసుతనం. హాలు పైకప్పుకి నిజమైన దీపాలు వందలుగా వేలాడుతుంటాయి. నిజం దీపం నీలంగా తిరిగిన క్షణానే తెరలోని అగ్నెథా భుజం మీద నీలం వెలుగు పడుతుంది. తెరలోని దీపం వెలుగు తెర కొస దాటి హాల్లోకి సాగుతుంది. మనం కూర్చున్న గాలీ వాళ్లు నిలబడ్డ గాలీ ఒకటే అని కన్ను ఒప్పేసుకుంటుంది. ఫొటోలు తీయొద్దని హాలువాళ్లు కోరతారు. తీసినా లాభం తక్కువే. ఎల్‌ఈడీ గళ్లూ కెమెరా గళ్లూ ఒకదానితో ఒకటి కలబడితే బొమ్మ మీద చారలు పడతాయి.

ఇక బొమ్మలోకి ప్రాణం ఎలా వచ్చిందంటే, స్టాక్‌హోమ్‌లో అయిదు వారాలు ఆ నలుగురూ ఒంటికి అతుక్కునే సూట్లు వేసుకుని, మొహం నిండా చుక్కలు పెట్టించుకుని, 160 కెమెరాల మధ్య తమ పాటలు మళ్లీ పాడి ఆడారు. చుక్కలు అతకాలి కాబట్టి మగవాళ్లిద్దరూ గడ్డాలు గీయించుకోవాల్సి వచ్చింది. అదొక్కటే వాళ్లకు కష్టంగా తోచిందట. ఏ చుక్క ఏ క్షణాన ఎక్కడుందో చాలా కోణాల నుంచి పట్టుకుంటే కంప్యూటర్‌లో ఒక అస్థిపంజరం కదులుతుంది. డెబ్భైకి అటూ ఇటూ ఉన్న మోకాళ్లు 1979లోలాగా గెంతవు కదా! అందుకని పడుచు నటుల చేత అవే అడుగులు వేయించి, వాళ్ల ఒళ్లు, వీళ్ల హావభావాలు కలిపారు. ‘స్టార్ వార్స్’ సినిమాలకు మాయలు చేసిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ దాని మీద చర్మం తొడిగింది. మొత్తం ఖర్చు 14 కోట్ల పౌండ్లు. అప్పటి మారకంలో సుమారు 1,350 కోట్ల రూపాయలు. ఇంత డబ్బుతో మనవాళ్లు ఎన్ని భారీ సినిమాలు తీసేవారో!

ఈ పని మనకు మరీ కొత్తదేం కాదు. 2014లో రజనీకాంత్‌తో తీసిన ‘కోచ్చడయాన్’, తెలుగులో ‘విక్రమసింహ’, ఇలా చుక్కలు పెట్టి పట్టిందే. అప్పటికి అయిదేళ్ల కిందటే కన్నుమూసిన హాస్యనటుడు నాగేశ్ కూడా అందులో కనిపించాడు. సినిమాగా అది ఎందుకు ఆనలేదో గుర్తున్నవాళ్లకి గుర్తుంటుంది. మొహాలు మొహాల్లాగే ఉన్నా చూపులో జీవం తగ్గింది. 1970లో జపాన్ రోబో శాస్త్రవేత్త మసాహిరో మోరి దీని గురించే రాశాడు. బొమ్మ మనిషికి దగ్గరవుతున్నకొద్దీ దాని మీద మనకు మక్కువ పెరుగుతుంది. మరీ దగ్గరై, ఇంకా మనిషి కాకుండా ఆగినచోట ఒక్కసారిగా ఒళ్లు జలదరిస్తుంది. ఆ పల్లాన్ని ఆయన ‘గగుర్పాటు లోయ’ అన్నాడు. అట్టడుగున నడిచే శవాన్ని పెట్టాడు. కానీ అదే గీతలో లోయ దాటాక, అవతలి గట్టు మీద, తమ సంప్రదాయ బున్‌రాకు చెక్కబొమ్మను నిలబెట్టాడు. దగ్గరికెళ్లి చూస్తే అది మనిషిలా ఉండదు. నాటకశాలలో దూరాన కూర్చుని, చేతి కదలికలోనూ కంటి తిప్పుడులోనూ లీనమైతే మాత్రం మనిషికి దగ్గరగా అనిపిస్తుందన్నాడు. నిమ్మలకుంట తోలుబొమ్మలాట చూసినవాళ్లకి ఈ సంగతి మోరి చెప్పనక్కర్లేదు. మేకతోలు సీతమ్మ కోసం ఏడ్చినవాళ్లు మన ఊళ్లలో ఎందరు లేరు.

అబ్బా తెరకు కూడా దూరమే రక్ష. పక్కనున్న పెద్ద తెరల మీద మొహాలు దగ్గరగా చూపించినప్పుడే పరీక్ష మొదలవుతుంది. చర్మం గోడలాంటిది కాదు. దీపం దాని లోపలికి కొద్దిగా దిగి, అటూ ఇటూ చెదిరి, ఎరుపు కలుపుకుని బయటికొస్తుంది. టార్చిలైటు ముందు అరచెయ్యి పెడితే వేళ్లు ఎర్రగా వెలిగేది అందుకే. ఆ లెక్క తప్పితే మొహం సున్నం బొమ్మలా ఉంటుంది. ఇక్కడ లెక్క చాలా మటుకు కుదిరింది. కళ్ల దగ్గర, నవ్వు ముగిసి పెదవులు దగ్గరపడే ఆ రెప్పపాటు దగ్గర మాత్రం కొందరికి ఇంకా అనుమానం తగులుతుంది.

నాకు ఆసక్తి కలిగించేది మరో సంగతి. ‘ది విన్నర్ టేక్స్ ఇట్ ఆల్’ పాట తీసుకోండి. బ్యోర్న్, అగ్నెథా ఒకప్పుడు భార్యాభర్తలు. విడిపోయాక, విడిపోవడం గురించే బ్యోర్న్ రాసిన పాట అది. పాడింది అగ్నెథా. వేదిక మీద ఆ పాట పాడుతున్నది ఎవరు? మొహం 1979ది. గొంతు 1980 నాటి స్టూడియో రికార్డింగ్‌ది. కనుబొమ ముడిపడే తీరు, ఆ గాయం మాని నలభై ఏళ్లయిన ఓ పెద్దావిడది. ఒళ్లు ఎవరో పడుచు అమ్మాయిది. వేదిక పక్కన నిజం మనుషులు వాయిస్తున్న డ్రమ్ము ఈ రాత్రిది. ఒకే మనిషిలో ఇన్ని కాలాలు! 2021లో వాళ్లు విడుదల చేసిన కొత్త పాటలు వచ్చేసరికి ఈ లెక్క తిరగబడుతుంది. ముప్ఫై ఏళ్ల మొహంలోంచి డెబ్భై ఏళ్ల గొంతు పలుకుతుంది. ఈ వింతను చాలామంది గమనించరు. గమనించిన అభిమాని మాత్రం అక్కడ ఓ క్షణం తడబడతాడు.

అయినా కన్నీళ్లెందుకొస్తాయి? పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల లోపు విన్న పాటలూ జరిగిన సంగతులే మనిషికి ముసలితనంలో ఎక్కువ గుర్తుంటాయని జ్ఞాపకాల మీద పనిచేసినవాళ్లు ఎప్పుడో గమనించారు. గాయకుడికి మనం తెలియకపోయినా గాయకుడు మనకు చుట్టమే అనుకునే ఏకపక్షపు బంధుత్వం గురించి హోర్టన్, వోల్ అనే ఇద్దరు 1956లోనే రాశారు. అప్పట్లో వాళ్లు చూసింది రేడియో, టీవీ. ఇక గుంపులో అడుగు కలిపితే ఏమవుతుందో ఆక్స్‌ఫర్డ్‌లో పరీక్షించారు. కలిసి ఒకే తాళానికి ఆడినవాళ్లు, చేతికి రక్తపోటు పట్టీ బిగిస్తే విడివిడిగా ఆడినవాళ్లకన్నా ఎక్కువ నొప్పి ఓర్చుకున్నారు. అబ్బా అరీనాలో కుర్చీల్లేకుండా నిలబడి ఆడేవాళ్లే వెయ్యికి పైగా. బొమ్మ నిజమా కాదా అన్నది పక్కవాడి భుజం తగలగానే పక్కకి పోతుంది. పక్కవాడు నిజమే కదా.

ఇంతవరకూ గెలుపే. అసలు చిక్కు ఎక్కడుందో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో చేసిన ఒక ప్రయోగం చూపిస్తుంది. అక్కడ పరిశోధన కోసమే కట్టిన కచేరీ హాలుంది. ఒక రాక్ గాయకుడి చేత కొందరి ముందు స్వయంగా పాడించారు; ఇంకో గుంపుకి అదే హాల్లో ఆ పాటల రికార్డు వినిపించారు. ఈసారి చుక్కలు పెట్టింది ప్రేక్షకుల తలలకి. మనిషి ఎదురుగా పాడినప్పుడు తలలు ఎక్కువ జోరుగా ఊగాయి. 2019లో అచ్చయిన ఈ ఫలితం పెద్ద ఆశ్చర్యమేం కాదు. కానీ జ్యూరిక్ విశ్వవిద్యాలయం వాళ్లు 2024లో ప్రచురించినది ఇంకో మెట్టు ఎక్కింది. శ్రోతను స్కానర్‌లో పడుకోబెట్టి, అతని మెదడులో భావోద్వేగాలతో ముడిపడిన అమిగ్డలా ఎలా స్పందిస్తోందో పియానో వాయించే మనిషికి అప్పటికప్పుడు తెలియజేశారు. అది చూసి అతను తన వాయిద్యాన్ని మలుచుకుంటూ పోయాడు. అదే సంగీతం రికార్డు వేసినప్పటికంటే మెదడు స్పందన బలంగా, నిలకడగా వచ్చింది. అంటే కచేరీలో పాట ఒకవైపు నుంచే రాదు. మనవైపు నుంచి కూడా ఏదో వెళుతుంది, అది వెళ్లి మారి తిరిగొస్తుంది.

ఇది నాకు రాయబారం సీనులోనే తెలిసింది. చిన్నప్పుడు ఊళ్లో పద్యనాటకం వేస్తే తెల్లారిపోయేది. కృష్ణుడు పద్యం ముగించి రాగం లాగుతుంటే వెనక బెంచీల నుంచి ఎవడో ‘వన్స్ మోర్’ అని కేకేసేవాడు. కిరీటం సర్దుకుంటూ కృష్ణుడు ఒక్కసారి హార్మోనియం మనిషి వంక చూసేవాడు. ఆయన తల ఊపి శ్రుతి పట్టేవాడు. కౌరవసభ, యుద్ధం, సంధి అన్నీ అలా ఆగిపోయి పద్యం మళ్లీ మొదలయ్యేది. రెండోసారి పాడింది మొదటిదానిలా ఉండేది కాదు. కేక వేసినవాడి కోసం ఒక గమకం ఎక్కువ పడేది. ఒక్కోసారి గొంతు జీరపోయేది కూడా. దానికీ చప్పట్లే.

అబ్బా అరీనాలో వన్స్ మోర్ కుదరదు. అంతా ముందే తయారైంది. బొమ్మలో ప్రతి చట్రమూ లెక్క కట్టి దాచిపెట్టిందే. వేదిక పక్కన పదిమంది సంగీతకారులు స్వయంగా వాయిస్తారు. వాళ్లు లేకపోతే ఈ ఆట సినిమా అయిపోయేదని నా అభిప్రాయం. అయితే మన హార్మోనియం మనిషి నటుడి గొంతును అనుసరించాడు, నటుడు జనాన్ని అనుసరించాడు. ఇక్కడ బతికున్న పదిమందీ బొమ్మను అనుసరించాలి. తెరలోని బెన్నీ హాలు వైపు తిరిగి మాట్లాడతాడు, జనం నవ్వుతారని ఊహించి కాస్త ఆగుతాడు కూడా. జనం నవ్వినా నవ్వకపోయినా ఆగేది అంతసేపే. అభిమానికి తగిలే ఆ చిన్న వెలితి ఇక్కడే పుడుతుందని నేననుకుంటాను. పిక్సెళ్లు పెంచితే పోయేది కాదది.

రేపు యంత్రం హాలు కేకలు విని అప్పటికప్పుడు బొమ్మను మార్చగలిగితే? సాంకేతికంగా అది అసాధ్యం కాదు. కానీ అప్పుడు వినేది ఎవరు అన్న ప్రశ్న మరింత ముదురుతుంది. అబ్బా విషయంలో అభిమానులు మెత్తబడటానికి ఒక కారణం, నలుగురూ బతికుండి, తామే చుక్కలు పెట్టించుకుని, తమ రూపాన్ని తామే ఇవ్వడం. ఆ సమ్మతి లేనిచోట జనం అంత ఉదారంగా లేరు. 2012లో పోయిన గాయని విట్నీ హ్యూస్టన్ బొమ్మను 2020లో ఊరూరా తిప్పితే, సమాధి తవ్వుతున్నారా అన్నవాళ్లున్నారు. మరో దివంగత గాయని ఎమీ వైన్‌హౌస్ బొమ్మతో యాత్ర 2018లో ప్రకటించి, మరుసటి ఏడాదే ఆపేశారు. సమ్మతి ఉన్నచోట కూడా చిక్కు తప్పలేదు. 2023 డిసెంబరు 2న న్యూయార్క్‌లో కిస్ రాక్ బృందం ఆఖరి కచేరీ ముగించి దిగిపోగానే తెర మీద వాళ్ల డిజిటల్ బొమ్మలు ప్రత్యక్షమై పాట అందుకున్నాయి. వీడ్కోలు చెప్పి కన్నీళ్లు తుడుచుకుంటున్నవాళ్లకు ఆ మార్పు అంత తొందరగా మింగుడుపడలేదు. అది కూడా బ్యోర్న్ భాగస్వామిగా ఉన్న పాప్‌హౌస్ కంపెనీ వ్యవహారమే.

మన దగ్గరికి ఈ వివాదం మొహం లేకుండా, గొంతు రూపంలో వచ్చింది. 2020 సెప్టెంబరులో వెళ్లిపోయిన గాయకుడు ఎస్.పి. బాలు గొంతును ‘కీడా కోలా’ సినిమాలో కృత్రిమ మేధతో పలికించారని, తమను అడగలేదని ఆయన కుటుంబం నోటీసు పంపింది. ఆ రోజుల్లోనే ఏ.ఆర్. రెహమాన్ ‘లాల్ సలామ్’ కోసం దివంగత గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్ గొంతులు తెప్పించి, కుటుంబాల అనుమతి తీసుకున్నామని, పారితోషికం ఇచ్చామని ప్రకటించాడు. సాధారణంగా ఈ పద్ధతిలో యంత్రం గాయకుడి గొంతు రంగును పాత రికార్డింగుల నుంచి నేర్చుకుంటుంది. పాట మాత్రం వేరే ఎవరో పాడతారు, దాని మీద ఈ రంగు వేస్తారు. అంటే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఏ మాట దగ్గర నవ్వు కలపాలో తేల్చింది వేరే మనిషి. బాలు పాటలో అసలు బాలు ఉన్నదే అక్కడ కదా! వేదిక మీద ఒకే పాటను రెండుసార్లు ఒకేలా పాడటం ఆయనకు పడేది కాదని ఆయన్ని విన్నవాళ్లెవరైనా చెబుతారు.

అబ్బా ఆట ముగింపులో ఒక తమాషా పెట్టారు. చివరి పాట అయ్యాక పడుచు బొమ్మలు మాయమవుతాయి. చప్పట్ల మధ్య ఇప్పటి వయసులో ఉన్న నలుగురూ నడిచొచ్చి వంగి దండం పెడతారు.  హాల్లో అంతకుముందు లేనంత గోల రేగుతుంది. ఆ ముసలి నలుగురు కూడా బొమ్మలే.

2022 మే 26న, ఆట అందరికీ మొదలవడానికి ముందురోజు రాత్రి జరిగిన ప్రత్యేక ప్రదర్శనలో, స్వీడన్ రాజూ రాణీ కూడా ప్రేక్షకుల్లో ఉన్నారు. ఆ రాత్రి బొమ్మలు దండం పెట్టి వెళ్లాక తెర ముందుకి ఇంకో నలుగురు వచ్చారు. పక్కపక్కన నిలబడ్డారు. వీళ్లు నిజం వాళ్లేనని జనానికి అర్థమవడానికి రెండు క్షణాలు పట్టే ఉంటుంది. తర్వాత లేచిన కేకల్ని వినడానికి ఈసారి ఎదురుగా మనుషులున్నారు.